నుదుటి మీది నెలవంక

ఆడపిల్లకి కోపం వస్తే ఏమవుతుంది? ఏమీ అవదు అంటుంది లోకం. ఒక పూట అన్నం మానేస్తుంది, మూతి ముడుచుకుంటుంది, రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. అదే లోకం ఇంకో నోటితో ఇంకో మాట కూడా అంటుంది. ఆడదాని ఉసురు తగిలితే వంశం నిలవదు, దాని కన్ను పడితే పాడిగేదె వట్టిపోతుంది, అది తలుచుకుంటే మనిషి మంచం పడతాడు. ఏ శక్తీ లేదని ఒక పక్క, అంతులేని శక్తి ఉందని మరో పక్క. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి ఖండించుకోవు సరికదా, ఒకదానికొకటి కాపు కాస్తాయని నాకు అనిపిస్తుంది. అలా ఎందుకు అనిపిస్తుందో చెప్పాలంటే, చిన్నప్పుడు ఇంగ్లండులో నేను వారం వారం చదివిన ఒక బొమ్మల కథ గురించి చెప్పాలి.

ఆ కథ వచ్చిన పత్రిక పేరు 'మిస్టీ'. లండన్‌లోని ఐపీసీ సంస్థ ఆడపిల్లల కోసం నడిపిన బొమ్మల వారపత్రిక అది. 1978 ఫిబ్రవరి 4 తేదీతో మొదటి సంచిక వచ్చింది. 1980 జనవరిలో దాన్ని 'టామీ' అనే మరో పత్రికలో కలిపేశారు. దాని ఆయుష్షు రెండేళ్ళు, 101 సంచికలు. బ్రిటన్‌లో ఆడపిల్లల కామిక్స్‌కి అప్పటికే పెద్ద సంప్రదాయం ఉంది. 'బంటీ' 1958 నుంచి, 'టామీ' 1971 నుంచి, 'జింటీ' 1974 నుంచి వస్తున్నాయి. హాస్టలు బడి, బాలే నాట్యం, గుర్రాలు, బంధువుల ఇంట్లో చాకిరీ చేసే అనాథ పిల్ల, ఇవీ వాటి సరుకు. ఓర్చుకున్న పిల్లకి చివర్లో మంచి జరుగుతుంది, మన వారపత్రికల సీరియళ్ళలో ఓర్చుకున్న కోడలికి జరిగినట్టే. 'మిస్టీ' ఆ ఓర్పుని చాలావరకు పక్కన పెట్టింది. అందులో శాపాలు, దెయ్యాలు, మంత్రశక్తులు, చచ్చిపోయినవాళ్ళ కలలు ఉండేవి. ముఖ్యంగా అందులో ఆడపిల్లలకి కోపం వచ్చేది.

మా నాన్న వైజాగ్‌లో వైద్యం చదివి, డెబ్భైల మధ్యలో లాంకషైర్‌లోని ఒక నూలు మిల్లుల ఊరికి ఉద్యోగానికి వెళ్ళారు. ఆ రోజుల్లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ ఆసుపత్రులు మన దేశం నుంచి వెళ్ళిన డాక్టర్ల మీద ఎంతగా ఆధారపడ్డాయో మనకి తెలిసిందే. మా వీధి మూల పేపర్ల కొట్టులో నాన్న తన పేపరుతో బాటు నాకో కామిక్ కొనేవారు. 'మిస్టీ' మొదటి సంచిక రావడానికి కొద్ది రోజుల ముందే, అప్పటి ప్రతిపక్ష నాయకురాలు మార్గరెట్ థాచర్ ఒక టీవీ ఇంటర్వ్యూలో మాట్లాడింది. వేరే సంస్కృతి మనుషులు వచ్చి తమని ముంచెత్తేస్తారేమోనని జనం భయపడుతున్నారని అంది. ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి ఆ మాట గురించి చర్చించుకోవడం నాకు గుర్తుంది. నాకు అప్పుడు పదేళ్ళు. మనమే ఆ ముంచెత్తే నీళ్ళమని అర్థమయే వయసే.

ప్రతి సంచికలోనూ మిస్టీ అనే స్త్రీ బొమ్మ ఉండేది. షర్లీ బెల్‌వుడ్ అనే చిత్రకారిణి గీసిన బొమ్మ. పొడుగాటి నల్లటి జుట్టు, చుట్టూ పొగమంచు, వెనక రాత్రి ఆకాశం. లోపలి పేజీలో ఆమె చదివే పిల్లలతో స్నేహితురాలిలా మాట్లాడేది, తన కలల గుహలోకి రమ్మని పిలిచేది. భయపెట్టే కథలు చెప్పే గొంతు ఆడగొంతు కావడం, అది వెక్కిరించకుండా, బెదిరించకుండా పిలవడం నాకు నచ్చేది. కథలు రాసినవాళ్ళ పేర్లు మాత్రం ఉండేవి కావు. ఆ పత్రికలన్నిటికీ అదే పద్ధతి. పత్రిక రూపకల్పనలో పాట్ మిల్స్‌ది పెద్ద పాత్ర అనీ, సంపాదకత్వం చేస్తూ మాల్కమ్ షా చాలా కథలు రాశాడనీ, బొమ్మలు గీసినవాళ్ళలో స్పెయిన్ చిత్రకారులు చాలామంది ఉన్నారనీ పెద్దయ్యాక తెలుసుకున్నాను. 2016లో రెబెలియన్ అనే ప్రచురణ సంస్థ ఈ పాత కామిక్స్ హక్కులు కొని, కొన్ని కథల్ని పుస్తకాలుగా వేసింది. 2019లో జూలియా రౌండ్ అనే పరిశోధకురాలు 'మిస్టీ' మీద ఏకంగా ఒక పుస్తకం రాసింది. చిన్నప్పుడు చదివి సగం మరిచిపోయిన ఒక కథ ఏళ్ళ తరబడి వదలకపోవడం ఆమెని ఆ పరిశోధనకి పురిగొల్పింది. ఆ వదలకపోవడం ఏమిటో నాకు తెలుసు.

నన్ను వదలనిది 'మూన్‌చైల్డ్'. మొదటి సంచికలోనే మొదలైంది. రాసింది పాట్ మిల్స్, బొమ్మలు జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ వేశాడు. స్టీఫెన్ కింగ్ 1974లో రాసిన 'క్యారీ' దానికి ప్రేరణ. రోజ్‌మేరీ బ్లాక్ అనే బడిపిల్ల. నుదుటి మీద, జుట్టు కింద, నెలవంక ఆకారంలో మచ్చ ఉంటుంది. చేత్తో ముట్టుకోకుండా వస్తువుల్ని కదిలించే శక్తి ఆమెకి ఉంది. తల్లి చాలా కఠినురాలు. ఆ శక్తిని చూసి భయపడుతుంది, కూతుర్ని అణచి ఉంచాలని చూస్తుంది. బడిలో తోటి ఆడపిల్లలు రోజ్‌మేరీని వేటాడినట్టు వేధిస్తారు. ఇంట్లో అణచివేత, బడిలో అవమానం, లోపల శక్తి. ఈ మూడింటి మధ్య కథ వారం వారం బిగుసుకుంటూ పోయేది.

అదే పత్రికలో ఇంకా మంచి కథలు ఉన్నాయి. మాల్కమ్ షా రాసిన 'ది సెంటినల్స్'లో ఒకేలాంటి రెండు పెద్ద అంతస్తుల భవనాలు పక్కపక్కన ఉంటాయి. ఒకదాంట్లో కాపురాలు ఉంటాయి, రెండోది ఖాళీ. దాంట్లోకి వెళ్ళినవాళ్ళు మాయమైపోతారు. ఇల్లు లేని ఒక కుటుంబం గతిలేక అందులోకి వెళ్తుంది. దాని అవతల ఇంకో బ్రిటన్ ఉంటుంది, హిట్లర్ యుద్ధం గెలిచిన బ్రిటన్. గోడల మీద నేషనల్ ఫ్రంట్ రాతలు చూస్తూ బడికి వెళ్ళే పిల్లకి ఆ రెండో భవనం పెద్ద కల్పనగా అనిపించలేదు. 'ది ఫోర్ ఫేసెస్ ఆఫ్ ఈవ్'లో జ్ఞాపకం పోయిన ఒక అమ్మాయికి ఎవరెవరో ఆడపిల్లల చావులు కలలోకి వస్తాయి. తన శరీరం చచ్చిపోయిన అమ్మాయిల ముక్కలతో తయారు చేసినదని చివరికి తెలుస్తుంది. తల్లిదండ్రులమని చెప్పుకున్నవాళ్ళే ఆ పని చేశారు. స్త్రీ శరీరం ఎవరిది అన్న ప్రశ్న మీద మనం ఎన్ని వ్యాసాలు రాసుకున్నామో! ఆ ప్రశ్నని అంత సూటిగా నా ముందు మొదట పెట్టింది ఆ న్యూస్‌ప్రింట్ కాగితాలే.

అయినా నేను 'మూన్‌చైల్డ్' దగ్గరే ఆగిపోతాను. కారణం అందులో ఉన్న నైతిక చిక్కు. మన నీతిశాస్త్రమంతా ఒక చిన్న ఖాళీ మీద నిలబడి ఉంది. కోరుకోవడానికీ చెయ్యడానికీ మధ్య ఉండే ఖాళీ అది. "వీడు చస్తే బావుండు" అని అనుకోవడం వేరు, చంపడం వేరు. ఆ మధ్యలో మనిషికి ఆగడానికి, ఆలోచించడానికి, మనసు మార్చుకోవడానికి చోటుంటుంది. ఆ చోటు ఉన్నందుకే మనిషిని బాధ్యురాలు అంటాం. రోజ్‌మేరీకి ఆ చోటు లేదు. ఆమె కోపమే ఆమె చేత. ఆ పిల్లని మనం ఏమనాలి? గాయపడ్డదా, గాయపరిచిందా? కోపం రాకుండా ఉండడం ఆమె కర్తవ్యమా? అదే కర్తవ్యమైతే, ఆమె తల్లి చేస్తున్నది సరైన పనే అయిపోతుంది. కూతురికి కోపం రాకుండా పెంచాలన్న ప్రతి తల్లి ఆలోచనా సరైనదే అయిపోతుంది.

ఈ చిక్కు బొమ్మల కథలో పుట్టింది కాదు. మేము ఉన్న ఊరికి దగ్గర్లోనే పెండిల్ కొండ ఉంది. 1612 మార్చిలో ఆ ప్రాంతంలో అలిజన్ డివైస్ అనే పేద పిల్ల దారిన పోతున్న జాన్ లా అనే మూట వ్యాపారిని గుండుసూదులు అడిగింది. అతను ఇవ్వలేదు. ఆమెకి కోపం వచ్చింది. కాసేపటికి అతను కుప్పకూలి, ఒక పక్క చచ్చుబడిపోయాడు. ఇప్పుడైతే పక్షవాతం అంటాం. అప్పుడు అలిజన్ చేసిన మంత్రం అన్నారు. ఆ కథలో నన్ను కలచివేసే విషయం, అలిజన్ కూడా అది నిజమేనని నమ్మడం. తనే చేశానని ఒప్పుకుంది. విచారణలో తొమ్మిదేళ్ళ చెల్లెలు జెనెట్‌ని బల్ల మీద నిలబెట్టి, కన్నతల్లి మీదే సాక్ష్యం చెప్పించారు. 1612 ఆగస్టు 20న లాంకస్టర్‌లో పదిమందిని ఉరి తీశారు. వాళ్ళలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు. అలిజన్ అమ్మమ్మ, గుడ్డి ముసలమ్మ, విచారణ దాకా బతకకుండా జైల్లోనే చనిపోయింది.

అలిజన్‌కి నిజంగా ఉన్నది కోపం ఒక్కటే. గుండుసూదులు కూడా కొనలేని పిల్ల కోపం. అది ఒక మగవాడి నరాల్ని తెంపగలదని న్యాయమూర్తులు నమ్మారు, ఊరు నమ్మింది, చివరికి ఆ పిల్లా నమ్మింది. ఆడదాని కోపానికీ ఆమె చేతకీ మధ్య ఉన్న ఖాళీని వాళ్ళు చెరిపేశారు. 'మూన్‌చైల్డ్' చేసిన పని కూడా అదే. పదేళ్ళ వయసులో నాకు అంత ఆనందం ఇచ్చిన ఊహ, పదిమందిని ఉరికంబం ఎక్కించిన ఊహ, రెండూ ఒకటే.

దీన్ని నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. నా జడ పట్టుకుని గంట కొట్టినట్టు లాగేది, మా ఇంటి కూర వాసన గురించి పాట కట్టి పాడేది. ఒకరోజు ఆటస్థలంలో కోతిలా తాడు ఎక్కి కిందపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నేనప్పుడు మైదానానికి ఇటు చివర ఉన్నాను. మర్నాడు బడికి వెళ్ళేసరికి మాట పాకిపోయింది. నేనే ఏదో చేశానట. మా అమ్మ మంత్రగత్తెట. నుదుటి మీద ఎర్రటి గుర్తు ఉందిగా, అదే సాక్ష్యమట.

అమ్మ బొట్టు! రోజ్‌మేరీ నుదుటి మీద నెలవంకని నేను ఎంత ప్రేమగా చూసుకున్నానో, వాళ్ళు అమ్మ నుదుటి మీద కుంకుమని అంత భయంగా చూశారు. మొదటి రెండు మూడు రోజులు నాకు చాలా బాగుంది. ఎవరూ జడ ముట్టుకోలేదు, దారి ఇచ్చి తప్పుకున్నారు. వారం తిరిగేసరికి పక్కన కూర్చునేవాళ్ళు లేరు. తాడాటకి పిలిచేవాళ్ళు లేరు. నా పెన్సిలు ముట్టుకున్న పిల్ల చెయ్యి తుడుచుకుంది. భయపడేవాళ్ళు మనల్ని గౌరవిస్తున్నారని అనుకుంటాం, కానీ మనం లేకపోతే బాగుండని కోరుకుంటారు. అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. చెప్తే బొట్టు తీసేస్తుందేమోనని భయపడ్డాను, తీసేస్తే వాళ్ళ మాట నిజమని ఒప్పుకున్నట్టు అవుతుందని అంతకన్నా ఎక్కువ భయపడ్డాను.

1980లో మేము వైజాగ్ తిరిగి వచ్చేశాం. ఇక్కడ అమ్మమ్మ నోట్లో 'ఉసురు' అన్న మాట విన్నాను. వీధిలో ఒక ఇంటి కోడలు పెట్టె సర్దుకుని పుట్టింటికి పోతుంటే అమ్మమ్మ అరుగు మీంచి చూసి, "దాని ఉసురు ఊరికే పోదే, చూస్తూ ఉండు" అంది నాతో. ఇంగ్లీషులో ఈ మాటకి సమానమైనది నాకు ఇప్పటికీ దొరకలేదు. శాపం అంటే నోటితో ఇవ్వాలి, ఇచ్చేవాళ్ళకి తపస్సో పాతివ్రత్యమో ఉండాలి. ఉసురు అలా కాదు. బాధపడినవాళ్ళు కోరుకోనక్కరలేదు, నోరు విప్పనక్కరలేదు. బాధే వెళ్ళి తగులుతుంది. ఎవరి పక్షానా ఎవరూ లేనప్పుడు మన పల్లెటూరి నీతి కల్పించుకున్న న్యాయస్థానం అది. రోజ్‌మేరీ కథ అమ్మమ్మకి చెబితే, "ఆ పిల్ల ఉసురు తగిలిందన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

కానీ అమ్మమ్మ దగ్గర ఇంకో మాట కూడా ఉంది, చేతబడి. ఊరవతల ఒంటరిగా ఉండే ఒక ముసలామె ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు కొంగు కప్పుకోమనేది. ఉసురు, చేతబడి రెండూ చెప్పేది ఒకటే, ఆడదాని మనసులో ఉన్నది బయటికి వచ్చి దెబ్బ కొడుతుందని. ఒకదాంట్లో ఆమె పక్షాన జాలి ఉంది, రెండోదాంట్లో ఆమె మీదికి రాయి లేస్తుంది. తేడా ఆ స్త్రీలో లేదు, కథ చెప్పేవాళ్ళలో ఉంది. కోడలు ఊరు విడిచి పోతోంది కాబట్టి ఆమెకి ఉసురు ఇచ్చారు. ఆ ముసలామె ఊళ్ళోనే ఉంది, ఆమె పేరు మీద రెండు కుంచాల నేల కూడా ఉంది, అందుకని ఆమెకి చేతబడి అంటగట్టారు. చనిపోయిన స్త్రీ విషయంలో మనవాళ్ళు ఇంకా ఉదారంగా ఉంటారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మలాంటి అత్తింటి బాధలు పడ్డ కోడళ్ళు పేరంటాళ్ళయి, తిరునాళ్ళు జరిపించుకుంటున్నారు. బతికుండగా కోపం వచ్చిన స్త్రీకి మాత్రం గుడి కట్టినట్టు నేను వినలేదు.

ఎనభైల మొదట్లో తెలుగు వారపత్రికల్లో క్షుద్ర సాహిత్యం వెల్లువెత్తింది. ఆంధ్రభూమిలో 'తులసిదళం' కోసం మా ఇంట్లో పెద్దవాళ్ళు వంతులు వేసుకున్నారు. అందులోనూ నడుమ ఉన్నది ఒక ఆడపిల్లే. కానీ ఆమె మంత్రం తగిలే పిల్ల. ఆస్తి కోసం పెద్దవాళ్ళు ఆమె మీద ప్రయోగం చేయిస్తారు. నేను చదివి వచ్చిన కథల్లో మంత్రం పిల్లలోంచి వచ్చేది. ఈ తేడా అప్పుడు నాకు ఆశాభంగం కలిగించింది. ఇప్పుడు ఆలోచిస్తే, మన దేశంలో మంత్రశక్తి ఉన్న ఆడపిల్లని సరదాగా ఊహించుకోవడం అంత తేలిక కాదేమో అనిపిస్తుంది.

బ్రిటన్‌లో అది తేలిక ఎందుకయిందంటే, అక్కడ మంత్రగత్తెలన్న నేరం మీద ఉరితీతలు ఆగిపోయి చాలా కాలమైంది. 1735 చట్టం మంత్రవిద్యని నేరంగా చూడడం మానేసి, శక్తులున్నట్టు నటించడాన్ని నేరం చేసింది. దానికిందే 1944లో కూడా హెలెన్ డంకన్ అనే స్త్రీని జైల్లో పెట్టారు. 1951లో ఆ చట్టాన్నీ రద్దు చేశారు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళకి 'మిస్టీ' వచ్చింది. ప్రాణభయం పోయిన చోట మంత్రగత్తె కథానాయిక అయింది. 1968లో న్యూయార్క్‌లో స్త్రీవాదులు తమ బృందానికి విచ్ అనే పేరు పెట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 'మీరు కాల్చలేకపోయిన మంత్రగత్తెల మనవరాళ్ళం' అన్న ధోరణి చొక్కాల మీదికీ కాఫీ కప్పుల మీదికీ ఎక్కింది. మన సెమినార్లలో కూడా ఈ ధోరణిలో పత్రాలు వస్తున్నాయి. మంత్రగత్తె అంటే స్వేచ్ఛ, మంత్రగత్తె అంటే ధిక్కారం.

తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చెట్టుకి కట్టేసి కొట్టడం, పళ్ళు ఊడబెరకడం, తగలబెట్టడం మనం పేపర్లలో చదువుతూనే వచ్చాం. పళ్ళు ఎందుకు ఊడబెరుకుతారు? పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకలేరని. నింద పడినవాళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు. కానీ ఆడా మగా అందరూ దాదాపుగా దళితులో, వెనకబడిన కులాలవాళ్ళో, అండ లేని ఒంటరివాళ్ళో. దాని వెనక డాక్టరు లేని జ్వరం ఉంటుంది, గట్టు తగాదా ఉంటుంది. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో ఈ నిందని నేరం చేస్తూ చట్టాలు తెచ్చాయంటే, ఇది జానపద కథ కాదని అర్థమవుతుంది. నోట్లో పళ్ళు లేని ఒక స్త్రీ ముందు నిలబడి, నేను మంత్రగత్తెనని గర్వంగా ప్రకటించుకునే హక్కు నాకుందా? ఆ పదం నాకు అలంకారం, ఆమెకి తీర్పు. నేను ఇంగ్లీషు పాఠం చెప్పి ఆటోలో ఇంటికి పోతాను. ఆమె ఎక్కడికి పోతుంది?

అలాగని ఆ కోపాన్ని కూడా వదిలేసుకోవాలా? ఇక్కడే నేను జాగ్రత్తగా ఉండాలనుకుంటాను. కోపం గురించి తత్వవేత్తలు చెప్పినవాటిలో మంచి మాటలున్నాయి. సరైన మనిషి మీద, సరైన కారణానికి, సరైన మోతాదులో, సరైన సమయంలో వచ్చే కోపం మంచి గుణమే అన్నాడు అరిస్టాటిల్. అతని మనసులో ఉన్నది స్వేచ్ఛగల మగవాడు. మార్తా నస్‌బామ్ 2016లో రాసిన పుస్తకంలో, కోపంలో ఎప్పుడూ ఎదుటివాళ్ళకి తిరిగి దెబ్బ తగలాలన్న కోరిక ఉంటుందనీ, ఆ కోరిక పోయినదాన్ని పోగొట్టుకున్నవాళ్ళకి తిరిగి ఇవ్వదనీ వాదించింది. అమియా శ్రీనివాసన్ 2018లో దానికి భిన్నమైన మాట చెప్పింది. కోపం వల్ల మేలు జరగకపోయినా, అన్యాయాన్ని అన్యాయంగా గుర్తించడం కాబట్టి అది తగినదే కావచ్చు అంది. కోపం పనికొస్తుందా అని మాత్రమే అడిగేవాళ్ళు, కోపగించుకునే అవసరం లేనివాళ్ళకి మేలు చేస్తున్నారని ఆమె వాదన నాకు గుర్తు చేస్తుంది. ఆడ్రీ లార్డ్ 1981లోనే నల్లజాతి స్త్రీగా తన కోపాన్ని శ్వేతజాతి స్త్రీల సభలో పెట్టి, అది సమాచారంతో, శక్తితో నిండిన వనరని చెప్పింది.

వీళ్ళలో వీళ్ళకి ఎన్ని తేడాలున్నా, అందరి వాదనలకీ కింద ఒకే నేల ఉంది. కోపానికీ చేతకీ మధ్య ఖాళీ ఉందన్న నమ్మకం అది. ఆ ఖాళీలోనే కోపం మాట అవుతుంది, ఫిర్యాదు అవుతుంది, వ్యాసం అవుతుంది, సమ్మె అవుతుంది. మంత్రగత్తె నింద దొంగిలించేది దాన్నే. నీ కోపమే నేరం, ఇక నువ్వు మాట్లాడేదేముంది అంటుంది. పళ్ళు ఊడబెరకడం ఆ ఆలోచనకి కొనసాగింపే. మంత్రశక్తి అనే బహుమానం కూడా దాన్నే దొంగిలిస్తుంది. మాట్లాడే పని లేదు, చూపు చాలు అంటుంది. అలిజన్‌కి ఆ రెండూ ఒకేసారి దొరికాయి, అందుకే తనే చేశానని ఒప్పుకుంది. ఏ శక్తీ లేని పిల్లకి అంత శక్తి ఉందని ఎవరో చెబితే కాదనడం ఎంత కష్టమో బడిలో ఆ మూడు రోజుల్లో నాకు తెలిసింది. ఏమీ చెయ్యలేదు అనే మాటా, ఏమైనా చెయ్యగలదు అనే మాటా ఒకదానికొకటి కాపు కాస్తాయని మొదట్లో అన్నది ఇందుకే. రెండిట్లోనూ ఆడదాని మాట వినే అవసరం ఉండదు.

మరి 'మూన్‌చైల్డ్' నిందకి చుట్టమేనా? కాదనే అంటాను. కారణం, కథ ఎక్కడ మొదలయిందన్నది. నింద ఎప్పుడూ దెబ్బతో మొదలవుతుంది. ఒక మనిషి కుప్పకూలాడు, ఒక బిడ్డకి జ్వరం వచ్చింది, ఒక గేదె చచ్చింది. అక్కణ్ణించి వెనక్కి నడిచి ఒక స్త్రీ గుమ్మం దగ్గర ఆగుతుంది. ఆమెకి ఏం జరిగిందన్న ప్రశ్న ఆ దారిలో ఎక్కడా రాదు. జాన్ లా పడిపోవడం నుంచి మొదలుపెట్టినవాళ్ళకి గుండుసూదులు దొరకని పిల్ల కనిపించదు. 'మూన్‌చైల్డ్' అటునుంచి ఇటు వస్తుంది. ముందు తల్లి అణచివేత, తర్వాత బడిలో అవమానం, బొమ్మ తర్వాత బొమ్మ, వారం తర్వాత వారం. వస్తువు కదిలే సమయానికి, ఎవరు ఎవర్ని ముందు గాయపరిచారో చదివే పిల్లకి కంఠతా వచ్చి ఉంటుంది. కథనక్రమమే అక్కడ న్యాయవిచారణ. పేర్లు లేని ఆ రచయితల్లో చాలామంది మగవాళ్ళే. వాళ్ళకి స్త్రీవాద ఉద్దేశాలు ఎంత ఉన్నాయో గానీ, ఆ క్రమం మాత్రం మా పక్షాన నిలబడింది.

'మిస్టీ' అంతా అలా ఉండేదని కాదు. ఒక్క సంచికలో ముగిసిపోయే చిన్న కథల్లో గర్వం పట్టిన పిల్లకో, ఆశపోతు పిల్లకో, అబద్ధాలాడిన పిల్లకో తప్పుని మించిన శిక్ష పడేది. చివరి బొమ్మలో పిల్ల ముఖం భయంతో బిగుసుకుపోయి ఉండేది. ఆ ముఖం వెనక ఏముందో తెలుసుకోడానికి ఆ నాలుగు పేజీల్లో చోటు లేదు. ఒకే పత్రికలో ఒక పక్క ఆడపిల్ల కోపానికి చరిత్ర చెప్పడం, ఇంకో పక్క ఆడపిల్ల బుద్ధికి శిక్ష వెయ్యడం. మన సాహిత్యంలో కూడా ఈ రెండూ ఇంకా పక్కపక్కనే ఉన్నాయి.

మహాశ్వేతాదేవి 'బాయెన్' కథలో ఊరు మంత్రగత్తెగా ముద్రవేసి వెలివేసిన చండీదాసి, రైలు ప్రమాదాన్ని ఆపబోయి ప్రాణం పోగొట్టుకుంటుంది. ఆ తర్వాతే ఆమె పేరు ఆమెకి తిరిగి వస్తుంది, కొడుకు ఆమెని అమ్మ అంటాడు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఒక్కటే అనిపిస్తుంది. ఆమె మంచిదని నిరూపించుకోవడానికి చావక్కరలేని కథ కావాలి. చండీదాసి బతికి ఉండి, ఊరివాళ్ళ మీద కోపంగా ఉండి, ఆ కోపాన్ని పేరు పేరునా చెప్పి, అయినా ఎవరూ ఆమె మీద రాయి ఎత్తని కథ. అందులో ఎవరూ కూలిపోరు, ఏ గేదే వట్టిపోదు. కోపం వచ్చిందన్న సంగతి ఒక్కటే ఉంటుంది, ఎందుకొచ్చిందో వినేవాళ్ళు ఉంటారు.

ఈ మధ్య మా విద్యార్థినులకి 'మూన్‌చైల్డ్' కొత్త ముద్రణ చదవమని ఇచ్చాను. రోజ్‌మేరీకి ఉన్న శక్తి నీకుంటే ఏం చేస్తావని వాళ్ళని అడగాలనుకున్నాను. తర్వాత ఆ ప్రశ్న మానుకున్నాను. ఆ శక్తి లేకుండా రోజ్‌మేరీ ఏమని ఉండేది, ఎవరితో అని ఉండేది, వాళ్ళు వినేవాళ్ళా అని అడిగాను. క్లాసు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "ముందు వాళ్ళమ్మతో అనేది మేడమ్" అంది. వినేదా అని అడిగితే, "వినేదాకా అనేది" అంది.